రెండు పదార్థాలు కలిసే గీత దగ్గర: ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో దోషం ఎక్కడ పుడుతుంది?

రాగి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు. రాగి గీతలు అతికి ఉండే సర్క్యూట్ బోర్డు పదార్థానికి అది 0.3 దరిదాపుల్లో ఉంటుంది. అంటే రెండూ తగులుకునే చోట వాహకత ఒక్కసారిగా వెయ్యి రెట్లకు పైగా పడిపోతుంది. ప్రొటీన్ అణువు లోపల డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని సాధారణంగా 2 నుంచి 4 వరకు తీసుకుంటారు, చుట్టూ ఉన్న నీటికి 80. పుర్రె ఎముకలో కరెంటు మెదడులో కంటే చాలా కష్టంగా పారుతుంది. నెత్తి మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, సంకేతం మెదడులో ఎక్కడ పుట్టిందో లెక్కగట్టేవాళ్లు ఆ తేడాను సరిగా పట్టుకోకపోతే జవాబు పక్కకు జరిగిపోతుంది. తెలంగాణ గ్రానైట్ నేలల్లో పైనున్న శిథిల పొరలో నీరు కదిలినంత సులువుగా కింద పగుళ్లు లేని బండలో కదలదు.

గణితంలో ఇవన్నీ ఒకే సమస్య. పేరు ఎలిప్టిక్ ఇంటర్‌ఫేస్ సమస్య. ఉష్ణోగ్రత భాషలో చెబితే, వాహకతను ఉష్ణోగ్రత వాలుతో గుణిస్తే ఫ్లక్స్ వస్తుంది. ఏ చిన్న ముక్క తీసుకున్నా అందులోంచి బయటికి పోయే ఫ్లక్స్, లోపల పుట్టే వేడికి సమానం కావాలి. రెండు పదార్థాలు కలిసే గీత (దీన్నే ఇంటర్‌ఫేస్ అంటారు) మీద రెండు షరతులు ఉంటాయి. ఉష్ణోగ్రత రెండు వైపులా ఒకటే, గీతను లంబంగా దాటే ఫ్లక్స్ కూడా రెండు వైపులా ఒకటే. వాహకత ఒక్కసారిగా మారి ఫ్లక్స్ మారకుండా ఉండాలంటే వాలు మారక తప్పదు. అందుకే పరిష్కారం ఎక్కడా తెగదు, కానీ ఇంటర్‌ఫేస్ మీద విరుగుతుంది. రాగి వైపు దాదాపు చదునుగా, బోర్డు వైపు నిటారుగా ఉంటుంది.

ఈ విరుపే మొత్తం కథ. ఈ సమస్యలకు గత యాభై ఏళ్లకు పైగా వచ్చిన దోష విశ్లేషణను దగ్గరగా చదివితే, అదంతా ఇంటర్‌ఫేస్‌ను ఆనుకుని ఉండే ఒక సన్నటి పట్టీ లెక్క అని తెలుస్తుంది. పట్టీ వెడల్పు ఎంత, అందులో వాలు ఎంత తప్పింది, ఆ తప్పు పట్టీ దాటి ఎంత దూరం పోయింది అన్నవే అందులోని ప్రశ్నలు.

కొంచెం నేపథ్యం. వస్తువును చిన్న ముక్కలుగా (మూలకాలుగా) విడగొట్టి, ప్రతి ముక్కలో పరిష్కారాన్ని సాదా ప్రమేయంతో అనుకరించడమే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. 1943లో కూరాంట్ త్రిభుజాల మీద ముక్కలు ముక్కలుగా సరళ ప్రమేయాలు వాడాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన నిర్మాణాల కోసం అదే ఆలోచనను ఇంజినీరింగ్ పద్ధతిగా మలిచారు. ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరును క్లఫ్ 1960లో పెట్టాడు. 1964లో సేయా నిరూపించిన లెమ్మా ఈ పద్ధతికి వెన్నెముక. మనం ఎంచుకున్న ప్రమేయాల సమూహంలో అసలు పరిష్కారానికి అతి దగ్గరగా వెళ్లగలిగేది ఏదో, మన జవాబు ఒక స్థిరాంకం మేర తేడాతో దానంత మంచిదే అని ఆ లెమ్మా చెబుతుంది. కాబట్టి దోషం ఎంత అన్న ప్రశ్న, ఈ ముక్కలు అసలు పరిష్కారాన్ని ఎంత దగ్గరగా అనుకరించగలవు అన్న ప్రశ్నగా మారిపోతుంది.

ఈ ముక్కల అల్లికను మెష్ అంటారు. అందులో ఒక ముక్క సైజును హెచ్ అందాం. పరిష్కారం నునుపుగా ఉంటే సరళ మూలకాలతో శక్తి నార్మ్‌లో, అంటే వాలును కొలిచే లెక్కలో, దోషం హెచ్‌కు అనులోమంగా తగ్గుతుంది. విలువలనే కొలిచే ఎల్-2 నార్మ్‌లో హెచ్ వర్గానికి అనులోమంగా తగ్గుతుంది. ఈ రెండో ఫలితం 1960ల చివర్లో ఓబాఁ, నిచ్చె విడివిడిగా కనిపెట్టిన ద్వంద్వ ఉపాయం (దోషాన్నే మూలంగా పెట్టి ఇంకో తోడు సమస్యను పరిష్కరించడం) వల్ల వస్తుంది. రెండింటికీ షరతు ఒకటే: పరిష్కారానికి రెండో అవకలజాలు ఉండి, వాటి వర్గాల సమాకలనం పరిమితంగా ఉండాలి. ఇంటర్‌ఫేస్ సమస్యలో ఆ షరతు గీతకు అటూ ఇటూ విడివిడిగా నెరవేరుతుంది. రెంటినీ కలిపి చూస్తే నెరవేరదు, ఎందుకంటే గీత మీద వాలు ఎగిరి దూకుతుంది. 1970లో బబుష్కా తెగిన గుణకాలున్న (అంటే వాహకత ఒక్కసారిగా మారే) ఎలిప్టిక్ సమీకరణాలకు ఈ పద్ధతిని విశ్లేషించిన వ్యాసం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక డైమెన్షన్‌లో చేతి లెక్క

సున్నా నుంచి ఒకటి వరకు ఒక కడ్డీ తీసుకుందాం. ఎడమ సగం వాహకత 1, కుడి సగం 100. ఎడమ చివర ఉష్ణోగ్రత 0, కుడి చివర 1. మధ్యలో వేడి ఎక్కడా పుట్టడం లేదు. ఉష్ణ నిరోధాలు వరసలో ఉన్నట్టే కాబట్టి మొత్తం నిరోధం 0.5 + 0.005 = 0.505. ఫ్లక్స్ దాని విలోమం, 1.980.

ఇప్పుడు కడ్డీని 11 సమాన ముక్కలు చేద్దాం. ఇంటర్‌ఫేస్ సరిగ్గా ఆరో ముక్క నడిమధ్యన పడుతుంది. ఆ ముక్కలో సరళ మూలకానికి ఒకే వాలు ఉంటుంది కాబట్టి, పద్ధతి తనకు తెలియకుండానే వాహకతకు అంకమధ్యమం తీసుకుంటుంది: (1 + 100)/2 = 50.5. వరసలో ఉన్న రెండు పదార్థాలకు నిజంగా రావాల్సింది హరాత్మక మధ్యమం, అది 1.98 మాత్రమే. అంటే ఆ ఒక్క ముక్క ఉండాల్సిన దానికంటే ఇరవై అయిదు రెట్లకు పైగా ఎక్కువ వాహకంగా నటిస్తోంది. పర్యవసానంగా మొత్తం నిరోధం 0.461కి తగ్గి, ఫ్లక్స్ 2.170కి పెరుగుతుంది. తప్పు 9.6 శాతం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫ్లక్స్ కడ్డీ పొడవునా ఒకటే కాబట్టి, ఇంటర్‌ఫేస్ జోలికే పోని మిగతా పది ముక్కల్లో కూడా వాలు అదే 9.6 శాతం తప్పుగా వస్తుంది. వాటిలో ఏ ముక్కలోనూ లోపం లేదు. ఒక్క ముక్కలో పుట్టిన దోషం కడ్డీ అంతా పాకింది.

శక్తి నార్మ్‌లో లెక్కిస్తే సాపేక్ష దోషం దాదాపు 31 శాతం. ముక్కలు 101 చేస్తే 9.8 శాతం, 1001 చేస్తే 3.1 శాతం. పనిని పది రెట్లు పెంచిన ప్రతిసారీ దోషం మూడింట ఒక వంతుకు మాత్రమే దిగుతోంది. అంటే హెచ్‌కు కాకుండా హెచ్ వర్గమూలానికి అనులోమంగా తగ్గుతోంది. కారణం సులువే. ఇంటర్‌ఫేస్ ఉన్న ముక్కలో వాలు దోషం హెచ్‌ను ఎంత తగ్గించినా తగ్గదు. ఆ ముక్క వెడల్పు హెచ్. స్థిరమైన దోషాన్ని వర్గం చేసి హెచ్ వెడల్పు మీద కలిపితే హెచ్ వస్తుంది, దానికి వర్గమూలం తీస్తే హెచ్ వర్గమూలం. మిగతా ముక్కల్లోకి పాకినది అంతకంటే చిన్నది, హెచ్ స్థాయిలో ఉంటుంది.

ఇదే కడ్డీని 11 బదులు 10 ముక్కలు చేస్తే? అప్పుడు ఇంటర్‌ఫేస్ నోడ్ మీదే, అంటే రెండు ముక్కలు కలిసే బిందువు మీదే పడుతుంది. దోషం పూర్తిగా సున్నా. పది ముక్కలకు సున్నా, పదకొండు ముక్కలకు 31 శాతం! అందుకే ఒక పద్ధతిని పరీక్షించేటప్పుడు మెష్‌ను 10, 20, 40 అని రెట్టింపు చేసుకుంటూ పోయి పట్టిక వేస్తే, ఆ పట్టిక పద్ధతి గురించి ఏమీ చెప్పదు. ఇంటర్‌ఫేస్ స్థానాన్ని మెష్ మీద అటూ ఇటూ జరిపి, వచ్చిన దోషాల్లో అతి చెడ్డదాన్ని చూపించాలి. ఇంటర్‌ఫేస్ పద్ధతుల మీద వచ్చే వ్యాసాలన్నీ ఈ ఒక్క పని చేస్తే పాఠకులకు ఎంతో మేలు జరుగుతుంది.

గీతను అనుసరించే మెష్

రెండు డైమెన్షన్లలో ఇంటర్‌ఫేస్ వంపు తిరిగిన గీత. త్రిభుజాల శీర్షాలను ఆ గీత మీద కూర్చోబెడితే దాన్ని ఫిట్టెడ్ మెష్ అంటారు. అయినా త్రిభుజం అంచు సరళరేఖ, గీత వంపు. రెండింటికీ మధ్య సన్నటి సందు మిగులుతుంది. హెచ్ పొడవున్న జ్యాకూ వంపుకూ మధ్య ఎడం హెచ్ వర్గం స్థాయిలో ఉంటుంది. కాబట్టి తప్పు పదార్థం కింద లెక్కయిన పట్టీ వెడల్పు హెచ్ నుంచి హెచ్ వర్గానికి తగ్గింది.

ఇక్కడ పనికొచ్చే సాధనం ఒక చిన్న అసమానత. మొదటి అవకలజం అదుపులో ఉన్న ప్రమేయాన్ని సన్నటి పట్టీ మీద మాత్రమే కొలిస్తే, దాని పరిమాణం పట్టీ వెడల్పు వర్గమూలానికి మించదు. పరిష్కారం వాలుకు రెండు వైపులా విడివిడిగా ఈ అసమానతను వర్తింపజేస్తే, హెచ్ వర్గం వెడల్పున్న పట్టీ నుంచి శక్తి నార్మ్‌లో వచ్చే దోషం హెచ్. సరళ మూలకాలు నునుపైన సమస్యకే అంతకంటే మెరుగ్గా చేయలేవు కాబట్టి ఏమీ నష్టపోలేదు. ద్వంద్వ ఉపాయంలో ఇదే అసమానతను రెండుసార్లు, ఒకసారి పరిష్కారానికి, ఒకసారి ద్వంద్వ పరిష్కారానికి వాడితే ఎల్-2లో హెచ్ వర్గం వస్తుంది. ఫిట్ కాని మెష్‌లో పట్టీ వెడల్పు హెచ్ కాబట్టి అవే లెక్కలు హెచ్ వర్గమూలం, హెచ్ అని తేలతాయి. ఒకే అసమానత రెండు మెష్‌ల కథనూ చెప్పేస్తోంది.

1987లో బారెట్, ఎలియట్ ఫిట్టెడ్, అన్‌ఫిట్టెడ్ పద్ధతులు రెండింటినీ నునుపైన ఇంటర్‌ఫేస్‌లకు పక్కపక్కన పెట్టి విశ్లేషించారు. 1996లో బ్రాంబుల్, కింగ్ ఆ దారిని ముందుకు తీసుకెళ్లారు. 1998లో చెన్, జౌ రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో ఇప్పటికీ విరివిగా ఉదహరిస్తారు. వాళ్ల ఫలితంలో హెచ్ పక్కన లాగ్ హెచ్ వర్గమూలం, హెచ్ వర్గం పక్కన లాగ్ హెచ్ అదనంగా కనిపిస్తాయి. ఆ లాగ్ ఎక్కడిదంటే, రెండు డైమెన్షన్లలో మొదటి అవకలజాల వర్గం పరిమితంగా ఉన్న ప్రమేయం ఎంత పెద్ద ఘాతానికైనా సమాకలనం అవుతుంది గానీ, ఆ స్థిరాంకం ఘాతం వర్గమూలంలా పెరుగుతూ పోతుంది. ఘాతాన్ని లాగ్ హెచ్ అంత తీసుకుంటే లెక్క కుదురుతుంది, దాని వర్గమూలం మాత్రం మిగిలిపోతుంది. అంటే ఈ లాగ్ పద్ధతిలో ఉన్న లోపం కాదు, నిరూపణ నడిచిన దారి వదిలిన గుర్తు. పైన చెప్పిన పట్టీ అసమానతతో వెళితే అది కనపడదు. అదే సమయంలో కాలంతో మారే ఉష్ణ సమస్యలకు కూడా ఇలాంటి అంచనాలు అవసరమయ్యాయి. తెగిన గుణకాలున్న పారబోలిక్ సమస్యలకు గరిష్ఠ స్థాయి అంచనాల మీద ఐఐటీ గువాహటికి చెందిన రాజేన్ కుమార్ సిన్హా, భూపేన్ డేకా 2005లో వ్యాసం ప్రచురించారు.

పెద్ద డిగ్రీ బహుపదులు వాడితే దోషం ఇంకా వేగంగా పడిపోవాలి కదా అనిపిస్తుంది. అంచులు సరళరేఖలుగా ఉన్నంతకాలం పడదు. పట్టీ వెడల్పు హెచ్ వర్గం దగ్గరే ఆగిపోయింది, దాని వర్గమూలం హెచ్. డిగ్రీ మూడు పెట్టినా, అయిదు పెట్టినా మొత్తం మీద శక్తి దోషం హెచ్ దగ్గరే ఇరుక్కుంటుంది. వంపు అంచుల మూలకాలు వాడి పట్టీని ఇంకా సన్నం చేయాలి. ఏ డిగ్రీకి ఇంటర్‌ఫేస్‌ను ఎంత కచ్చితంగా పట్టుకోవాలన్నది 2010లో లీ, మెలెంక్, వోల్‌ముత్, జౌ లెక్కతేల్చారు. డిగ్రీ పెంచడానికి బోలెడు ఖర్చు పెట్టి జ్యామితిని అలాగే వదిలేసే కోడ్‌లు చాలానే ఉంటాయి. అక్కడ పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం వృథా.

మెష్ గీతను పట్టించుకోకపోతే

కరిగే లోహంలో గీత ప్రతి క్షణం జరుగుతుంది. నీటిలో బుడగ ఆకారం మారుతుంది. ఎంఆర్ఐ నుంచి తీసిన పుర్రె ఆకారానికి తగ్గట్టు త్రీడీ మెష్ అల్లడం రోజుల తరబడి సాగే పని. ప్రతి టైమ్ స్టెప్‌కూ కొత్త మెష్ అంటే భరించలేం. అందుకే సాదా గళ్ల మెష్‌ను కదపకుండా ఉంచి, ఇంటర్‌ఫేస్ దాని మీదుగా ఇష్టమొచ్చినట్టు పోయినా దోషం సరైన రేటున తగ్గేలా చేసే పద్ధతులు పుట్టాయి. గళ్ల బిందువుల దగ్గర విలువల తేడాలతో లెక్కించే ఫైనైట్ డిఫరెన్స్ వైపు 1994లో లెవెక్, లీ ప్రతిపాదించిన ఇమ్మర్స్‌డ్ ఇంటర్‌ఫేస్ పద్ధతి దీనికి పెద్ద ఊపునిచ్చింది.

ఫైనైట్ ఎలిమెంట్ వైపు దారి రెండుగా చీలింది. 2002లో అనీటా హాన్స్‌బో, పీటర్ హాన్స్‌బో చేసింది ఇది: గీత కోసిన త్రిభుజంలో ఒక్క ప్రమేయం బదులు రెండు పెట్టారు, ఒక్కో వైపుకు ఒకటి. గీత మీద అవి కలవాలన్న షరతును గట్టిగా రుద్దకుండా, 1971లో నిచ్చె సరిహద్దు షరతుల కోసం వాడిన పద్ధతిలో సమీకరణంలోకి చేర్చారు. ఇప్పుడు విరుపును అనుకరించే స్వేచ్ఛ ప్రమేయాలకు వచ్చింది, పట్టీ దోషం పోయింది, రేట్లు హెచ్, హెచ్ వర్గం అయ్యాయి. మిగిలిన చిక్కు ఒకటే. గీత త్రిభుజంలో ఒక మూలను రవ్వంత తుంచి పోతే, ఆ రవ్వ మీద ఆధారపడిన తెలియని రాశి దాదాపు గాలిలో ఉంటుంది. మ్యాట్రిక్స్ కండిషన్ నంబర్ (లెక్కలో చిన్న పొరపాటు ఎంత పెద్దది కాగలదో చెప్పే సంఖ్య) ఎంతకైనా పోతుంది. 2010లో బర్మన్ ప్రతిపాదించిన ఘోస్ట్ పెనాల్టీ ఆ రవ్వను పక్క త్రిభుజానికి కట్టేస్తుంది. పక్కపక్క త్రిభుజాల మధ్య వాలు దూకితే దానికి జరిమానా వేస్తుంది. ఆ తర్వాత కట్‌ఫెమ్ అన్న పేరుతో స్థిరపడిన కుటుంబానికి ఇదే పునాది.

రెండో దారి ఇమ్మర్స్‌డ్ ఫైనైట్ ఎలిమెంట్. ఇక్కడ తెలియని రాశులు పెరగవు. కోత పడిన త్రిభుజంలోని బేసిస్ ప్రమేయాన్నే (జవాబును కూర్చే మూల ప్రమేయాన్నే) విరిచి, ఇంటర్‌ఫేస్ షరతులు పాటించేలా మలుస్తారు. 2003లో లీ, లిన్, వు ఈ రూపాన్ని ఇచ్చారు. పైన కడ్డీ లెక్కలో ఇలా చేస్తే అంకమధ్యమం స్థానంలో హరాత్మక మధ్యమం దానంతటదే వచ్చేస్తుంది. రెండు డైమెన్షన్లలో మాత్రం ఇలా విరిచిన ప్రమేయాలు పక్క త్రిభుజంతో అంచు మీద పూర్తిగా కలవవు. ఆ చిన్న తెగుడు దోష విశ్లేషణలో అదనపు పదంగా తిరిగొస్తుంది, రేటును కుంటుపరుస్తుంది. 2015లో లిన్, లిన్, ఝాంగ్ ఇంటర్‌ఫేస్ కోసిన అంచుల మీద మాత్రమే పెనాల్టీ వేసి శక్తి నార్మ్‌లో గరిష్ఠ రేటును నిరూపించగలిగారు. సిద్ధాంతం శుభ్రంగా ఉన్నది నిచ్చె దారిలోనే. గీత కదులుతున్నా తెలియని రాశుల సంఖ్య మారకపోవడం ఇమ్మర్స్‌డ్ దారికున్న అసలు బలం, కదిలే సమస్యల్లో అది తక్కువ బలమేమీ కాదు.

స్థిరాంకం లోపల దాగినది

దోష సిద్ధాంతాలన్నీ ఒక స్థిరాంకాన్ని హెచ్ ఘాతంతో గుణించి ముగుస్తాయి. చదివేవాళ్ల చూపు ఘాతం మీదే ఆగుతుంది. ఇంటర్‌ఫేస్ సమస్యల్లో స్థిరాంకం అంతకంటే ముఖ్యమైన సందర్భాలు ఉన్నాయి, ఎందుకంటే రెండు వాహకతల నిష్పత్తి దానిలో కూర్చుని ఉండవచ్చు. నిష్పత్తి 1000 అయినప్పుడు స్థిరాంకం కూడా వెయ్యి రెట్లు పెరిగితే, రేటు ఎంత గొప్పగా ఉన్నా మన దగ్గరున్న మెష్‌తో ఆ సిద్ధాంతం ఏ హామీ ఇవ్వదు.

నిచ్చె పద్ధతిలో ఈ నిష్పత్తి ఎలా దూరుతుందో స్పష్టంగా చూడొచ్చు. గీత మీద ఫ్లక్స్ కావాలంటే రెండు వైపుల ఫ్లక్స్‌లకు సగటు తీస్తారు. సగం సగం తీస్తే, పెద్ద వాహకత వైపు ఉన్న చిన్న వాలు దోషం కూడా వెయ్యితో గుణించబడి లోపలికి వస్తుంది. దాన్ని అదుపు చేయడానికి, గీత మీద రెండు ప్రమేయాలు కలవకపోతే వేసే పెనాల్టీని పెద్ద వాహకతకు తగ్గట్టు పెంచాల్సి వస్తుంది. చిన్న వాహకత వైపు ఎక్కువ బరువు ఇచ్చి సగటు తీస్తే, పెనాల్టీకి హరాత్మక మధ్యమం స్థాయి సరిపోతుంది, స్థిరాంకం నిష్పత్తి పట్టు నుంచి బయటపడుతుంది. కడ్డీ లెక్కలో కనిపించిన అదే మధ్యమం మళ్లీ ఇక్కడ తేలడం యాదృచ్ఛికం కాదు. గీతను దాటే ప్రవాహం ఎప్పుడూ అడ్డు ఎక్కువగా ఉన్న వైపే నిర్ణయమవుతుంది.

ఇప్పటిదాకా గీత నునుపుగా ఉందనుకున్నాం. గీతలు ఒక బిందువు దగ్గర ఒకదాన్నొకటి ఖండించుకుంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. చదరంగం బల్లలోని నాలుగు గళ్లలా, ఎదురెదురు గళ్లలో ఒకే పదార్థం ఉందనుకుందాం. 1970ల మధ్యలో కెల్లాగ్ ఇలాంటి చోట పరిష్కారం ఆ బిందువు నుంచి దూరం తాలూకు చిన్న ఘాతంలా ప్రవర్తించగలదని చూపించాడు. వాహకతల నిష్పత్తి దాదాపు 161.45 అయితే ఆ ఘాతం 0.1 మాత్రమే. అంటే ప్రతి గడిలోనూ విడిగా చూసినా రెండో అవకలజాల షరతు కూలిపోయింది. మెష్ ఎంత బాగా గీతను అనుసరించినా శక్తి దోషం హెచ్ 0.1వ ఘాతంలా మాత్రమే తగ్గుతుంది. హెచ్‌ను సగం చేస్తే దోషం ఏడు శాతం కూడా తగ్గదు. దోషాన్ని సగం చేయాలంటే హెచ్‌ను 1024 రెట్లు చిన్నది చేయాలి, త్రిభుజాలు పది లక్షల రెట్లకు పైగా పెరుగుతాయి. గుణకాలు మరీ గరుకుగా ఉంటే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఎంత అధ్వానంగానైనా పని చేయగలదా అని 2000లో బబుష్కా, ఆస్‌బోర్న్ ఒక వ్యాసం శీర్షికలోనే అడిగారు. చేయగలదనే, అంటే దోషం ఎంత నెమ్మదిగానైనా తగ్గవచ్చనే నిరూపించారు.

కెల్లాగ్ ఉదాహరణకు మాత్రం మందు ఉంది. అదే 2000లో మోరిన్, నోచెట్టో, సీబర్ట్ దీన్ని అడాప్టివ్ పద్ధతికి పరీక్షగా పెట్టారు. ప్రతి త్రిభుజంలో దోషాన్ని లెక్కించిన జవాబు నుంచే అంచనా వేసి, ఎక్కువగా ఉన్నవాటినే చీల్చుకుంటూ పోతే, త్రిభుజాలు ఆ ఒక్క బిందువు చుట్టూ గుమిగూడతాయి. ఏకరీతి మెష్‌లో శక్తి దోషం తెలియని రాశుల సంఖ్యకు మైనస్ 0.05వ ఘాతంలా తగ్గుతుంది. అడాప్టివ్ మెష్‌లో అది మైనస్ 0.5కి చేరుతుంది, నునుపైన సమస్యకు సరళ మూలకాలు ఇచ్చే రేటు సరిగ్గా అదే.